స్పీచ్ సైన్స్ జర్నల్‌కి ఎడిటర్‌గా బాధ్యతలు తీసుకోవడం ఎలా?

ఎడిటర్ పదవి ఖాయమవగానే చాలామంది తొలి సంచికకి గంభీరమైన సంపాదకీయం రాయడానికి కూర్చుంటారు. మానెయ్యండి, దాన్నెవరూ చదవరు. మీకోసం ఎదురుచూస్తున్నది ఆర్నెల్లుగా జవాబు రాని రచయితలు. నేను రెండు జర్నల్స్ చేతికి తీసుకున్నాను, ఒకటి మరొకరికి అప్పజెప్పాను. మూడుసార్లూ తేడా కొట్టింది ఒక్కచోటే. అక్కడికి తర్వాత వస్తాను.

ముందు ఒప్పందం చదవండి. పదవీకాలం ఎంత, ఏడాదికి ఎన్ని పేజీలు, జర్నల్ పేరు ఎవరిది? ఆ చివరి ప్రశ్న ఊరికే అడగడం లేదు. 2015లో లింగ్వా అనే భాషాశాస్త్ర జర్నల్ సంపాదకులు, బోర్డు కలిసి రాజీనామా చేసి గ్లోసా అనే కొత్త జర్నల్ పెట్టుకోవాల్సి వచ్చింది. లింగ్వా పేరు మాత్రం ప్రచురణకర్త దగ్గరే ఉండిపోయింది.

పేపర్లు తీసుకుని రివ్యూకి పంపే సాఫ్ట్‌వేర్ స్కాలర్‌వన్, ఎడిటోరియల్ మేనేజర్, ఓజేఎస్, ఏదైనా సరే, మీ పేరు మీదే లాగిన్ తీసుకోండి. ఆటోమేటిక్‌గా వెళ్లే ఉత్తరాల కింద పాత సంతకం మార్పించండి. మీ సొంత పేపర్లు, మీ విద్యార్థులవి, మీ సహరచయితలవి మరో ఎడిటర్‌కి అప్పగించి, వాటి రివ్యూయర్ల (పేపర్ చదివి అభిప్రాయం చెప్పే నిపుణుల) పేర్లు మీకు కనబడకుండా చేయించుకోండి. ఇదంతా ఒక పూట పని.

ఇక అసలు చిక్కు: సగం దారిలో ఉన్న పేపర్లు.

సిస్టంలో ‘రివిజన్‌లో ఉంది’ అని ఒక్క ముక్క కనిపిస్తుంది. దాని వెనక పాత ఎడిటర్‌గారు ఈమెయిల్లో ఇచ్చిన మాటలు, సదస్సులో టీ తాగుతూ ఇచ్చిన మాటలు ఉంటాయి. అవి ఏ సిస్టంలోనూ దొరకవు. అందుకే ఆయనతో ఫోన్లో కూర్చుని, పేపర్ తర్వాత పేపర్ చొప్పున అన్నీ అడగాలి. రచయితకి రాతపూర్వకంగా ఏం చెప్పారు? నోటిమాటగా ఏం చెప్పారు? ఆలస్యం చేస్తున్న రివ్యూయర్‌ని ఎందుకు ఎంచుకున్నారు? జవాబులు చేత్తో నోట్‌బుక్‌లో రాసుకోండి. స్ప్రెడ్‌షీట్ వద్దు. అందులో గడి నింపేస్తే విషయం తెలిసిపోయినట్టే అనిపిస్తుంది.

‘కొత్తగా మొదలుపెడదాం’ అని పెండింగ్ పేపర్లన్నీ వెనక్కి పంపి మళ్లీ సమర్పించమనేవాళ్లు ఉన్నారు. వాళ్ల పని తేలికవుతుంది, రచయితల ఏడాది గంగలో కలుస్తుంది. రెండో విడతలో కొత్త రివ్యూయర్లని దింపడం అంతకన్నా ఘోరం. మొదటివాళ్లు తీసెయ్యమన్న పేరానే వీళ్లు మళ్లీ పెట్టమంటారు. పాత ఎడిటర్ సంతకంతో వెళ్లిన ఉత్తరం జర్నల్ ఇచ్చిన మాట. మీకు నచ్చినా నచ్చకపోయినా నిలబెట్టండి.

మరి కొలతే తప్పని తేలితే? నాకలాంటి పేపర్ ఒకటి వచ్చింది. రెండో రివిజన్ అయిపోయింది, ‘మూడో పట్టిక సరిచేస్తే తీసుకుంటాం’ అన్న ఉత్తరమూ వెళ్లిపోయింది. పట్టిక తెరిస్తే, మగవాళ్ల ‘ఊ’కి మొదటి ఫార్మెంట్ (అచ్చు పలికేటప్పుడు గొంతు, నోరు బలపరిచే పౌనఃపున్యం) 500 హెర్ట్జ్ దగ్గర, రెండోది ఏకంగా 2200 పైన! ‘ఊ’కి రెండూ 1000 లోపే ఉండాలి. ధ్వనిని కొలిచే సాఫ్ట్‌వేర్ ప్రాట్‌లో ఫార్మెంట్ గరిష్ఠ పరిమితి ఆడవాళ్లకి వాడే 5500 దగ్గరే వదిలేశారు. మగవాళ్లకి 5000 పెట్టాలి. పెట్టకపోతే కింద దగ్గరదగ్గరగా ఉన్న రెండు ఫార్మెంట్లు ఒకటిగా కలిసిపోయి, మూడోది రెండోదాని స్థానంలోకి దిగుతుంది. ఇద్దరు రివ్యూయర్లు చూసిన పట్టికే అది!

నేను తిరస్కరించలేదు. నిర్ణయం మారదు, మగవాళ్ల కొలతలు మాత్రం 5000తో మళ్లీ తీసి, రికార్డింగుల్లో కొన్ని వేవ్ ఫైళ్లుగా (కుదించని ఆడియోగా) పంపండి అని రాశాను. మూడు వారాల్లో వచ్చాయి. ఒక వాదన ఎగిరిపోయింది, మిగతా పేపర్ నిలబడింది. మాట తప్పకుండా తప్పు దిద్దడానికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

వేవ్ ఫైళ్లే ఎందుకంటారా? ఎంపీ3 కుదింపు సంకేతంలో కొంత భాగాన్ని పారేస్తుంది, పారేసింది తిరిగి రాదు. ఎవరైనా ఎంపీ3 పంపితే వెనక్కి పంపండి. వేవ్ అడిగేముందు సమ్మతి పత్రం చూడండి. గొంతు వింటే మనిషెవరో తెలిసిపోతుంది కాబట్టి, రికార్డింగు బయటివాళ్లకి ఇవ్వడానికి ఆ మనిషి ఒప్పుకుని ఉండాలి.

రివ్యూయర్ల గురించి నా నియమం ఒకటే. ప్రతి పేపర్‌కీ రికార్డింగు చెవులారా వినే ధ్వనిశాస్త్రజ్ఞులు ఒక్కరైనా ఉండాలి. గణాంకాలు చూసేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు.

పాత ఎడిటర్‌గారి లాగిన్‌ని మొదటి వారమే తీసేయించకండి. ఆయన హయాంలో వచ్చిన చివరి పేపర్ మీద నిర్ణయం వెళ్లాక, ఆయనకో మాట చెప్పి, అప్పుడు తీయించండి.