ఏటిని బాగుచేసే పని చెత్త దగ్గర మొదలుపెట్టకండి

ఏరు పాడైందని పదిమంది కలిసి నడుం కట్టగానే అందరి చెయ్యీ ముందు చెత్త మీదికే పోతుంది. ఒక్కరోజులో సంచులు నిండుతాయి, ఒడ్డు కళకళలాడుతుంది. గట్టి వాన ఒకటి పడగానే మళ్ళీ అదే చెత్త. చెత్త ఏరాల్సిందే, కాదనడం లేదు. కానీ అది మూడో పనో నాలుగో పనో కావాలి. ఏటిలోకి ఏం వచ్చి కలుస్తోంది, ఎక్కడినుంచి వస్తోంది అన్నది తేల్చుకోకుండా ఎంత చేసినా చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే.

ముందు నడక

వాన వెలిసి కనీసం మూడు రోజులు గడిచాక బయల్దేరండి. ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్ళండి, రెండు ఒడ్లూ నడవండి. మూడు రోజులు ఆగమనేది ఎందుకంటే, అప్పటికి వాననీటి కాలువలు ఎండిపోవాలి. అప్పుడు కూడా ఒక గొట్టంలోంచి నీరు కారుతోందంటే అది వాననీరు కాదు. ఇళ్ళ మురుగో, కార్ఖానా నీరో, పగిలిన మంచినీటి పైపో, నేలలోంచి ఊరే ఊటో అయి ఉంటుంది.

గొట్టం మూతి దగ్గర వంగి చూడండి. కింది రాళ్ళకు తడిసిన దూదిలాంటి బూడిదరంగు జిగురు పట్టి, దాని పీచులు నీటి వాలుకు ఊగుతుంటే, కొన్నాళ్ళుగా అక్కడ మురుగు పడుతోందని అర్థం. ఒక రాయి తిప్పి చూడండి. అడుగు నల్లగా ఉండి కుళ్ళిన గుడ్డు వాసన వస్తే అక్కడి బురదలో ఆక్సిజన్ లేదు. నీటిమీద రంగులు తేలే పొర కనిపిస్తే వెంటనే నూనె అనేయకండి. పుల్లతో కదపండి. పెంకుల్లా విరిగి విడిపోతే అది ఇనుము ఉన్న నీటిలో పెరిగే సూక్ష్మజీవుల పని, హాని లేదు. విడిపోయి మళ్ళీ కలిసిపోతే అది నూనే. నురగ సంగతీ అంతే. గోధుమరంగులో మట్టివాసన వేసే నురగ ఆకులు కుళ్ళడం వల్ల వస్తుంది. తెల్లగా, సబ్బు వాసనతో ఉంటే ఎగువన వెతకాలి.

ప్రతి గొట్టానికీ ఒక నంబరు ఇచ్చి, చోటు, మూతి వెడల్పు, ప్రవాహం, రంగు, వాసన, తేదీ, టైము రాయండి. ఫోటోలో పక్కన స్కేలు పెట్టండి. పగలు పొడిగా కనిపించిన గొట్టం రాత్రి పారవచ్చు. కాబట్టి అనుమానం ఉన్నచోటికి వేర్వేరు వేళల్లో, వేర్వేరు వారాల్లో మళ్ళీ వెళ్ళాలి.

కొలతలు

అనుమానం ఉన్న ప్రతి కలయిక దగ్గర రెండు చోట్లు చాలు: దానికి కాస్త ఎగువన ఒకటి, నీరు బాగా కలిసిపోయాక దిగువన ఒకటి. ఇక్కడే చాలామంది పొరపడతారు. కలిసిన మురుగు చాలా దూరం ఒకే ఒడ్డును పట్టుకుని పారుతుంది. గొట్టానికి ఎదురు ఒడ్డున కొలిచి ఏరు బాగానే ఉందనుకుంటారు. దిగువన అడ్డంగా మూడు చోట్ల కండక్టివిటీ (కరిగిన లవణాలను బట్టి నీటిలో కరెంటు ఎంత పారుతుందన్న కొలత) చూడండి. మూడూ దాదాపు ఒకటైతేనే నీరు కలిసినట్టు.

ఉష్ణోగ్రత, పీహెచ్ (పులుపు, క్షారం కొలత), కండక్టివిటీ, కరిగిన ఆక్సిజన్, ఈ నాలుగింటితో మొదలుపెట్టవచ్చు. పీహెచ్ మీటరును ఏ రోజుకారోజు పీహెచ్ 7, 4 అని తెలిసిన ద్రావణాల్లో ముంచి సరిచూసుకోవాలి. అది చేయని కొలతలను చూపించి ఎవరినీ నిలదీయలేరు.

ఆక్సిజన్‌ను తెల్లవారుజామునే కొలవండి. పగలు ఎండకు నాచు, నీటిమొక్కలు ఆక్సిజన్ వదులుతాయి. రాత్రంతా అవే పీలుస్తాయి. మధ్యాహ్నం కొలిస్తే జబ్బుపడిన ఏరు కూడా ఆరోగ్యంగా కనిపిస్తుంది. లీటరుకు 5 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చాలా చేపలకు కష్టం, 2కి పడితే చావులే. నీరు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ పట్టే శక్తి తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాములు పడితే, 30 దగ్గర ఏడున్నరే. అందుకే ఉష్ణోగ్రత పక్కన రాయని ఆక్సిజన్ అంకెకు అర్థం లేదు.

ల్యాబుకు పంపే నీటిని ప్రవాహానికి ఎదురుగా నిలబడి, మీ కాళ్ళు రేపిన బురద తగలకుండా పట్టాలి. సీసాను బోర్లా దించి, జానెడు లోతున తిప్పి నింపండి. రసాయన పరీక్షల సీసాను అదే నీటితో మూడుసార్లు కడగాలి. బ్యాక్టీరియా పరీక్షకు ఇచ్చిన సీసాను మాత్రం కడగకూడదు, మూత లోపల వేలు తగలకూడదు. ఐసులో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబుకు చేర్చండి.

మీటర్లు ఆ నిమిషం సంగతే చెబుతాయి, ఏటి అడుగున బతికే పురుగులు గడిచిన నెలల సంగతి చెబుతాయి. నీరు రాళ్ళమీద గలగలా పారే చోట అర మిల్లీమీటరు కన్నాల వలను అడుగుకు ఆనించి, దాని మూతికి ఎగువన మూడు నిమిషాలు కాలితో రాళ్ళు కదిలించండి. వలలో పడ్డదంతా తెల్లటి ట్రేలో, వేలెడు నీటిలో వేసి ఒక నిమిషం ఆగండి. ముందు చెత్తే కనిపిస్తుంది. తర్వాత అది కదలడం మొదలవుతుంది. సాధారణంగా మూడు తోకలతో, పొట్టకు ఇరుపక్కలా మొప్పలు ఆడిస్తూ ఈదేవి మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్లలు. ఇసుకరేణువులతో గూడు అల్లుకుని దాన్ని ఈడ్చుకుపోయేవి క్యాడిస్ పురుగులు. ఇవి రకరకాలుగా ఉంటే నీరు మంచిది. ఎర్రటి సన్నటి పురుగులు మాత్రమే కుప్పలుగా ఉంటే మురుగు ఎక్కువ. తక్కువ ఆక్సిజన్‌లో బతకడానికి వాటి ఒంట్లో హీమోగ్లోబిన్ ఉంటుంది, ఆ ఎరుపు దానిదే. లెక్క రాసుకున్నాక అన్నిటినీ పట్టినచోటే వదిలేయండి.

ఎగువ అంకెలు, దిగువ అంకెలు పక్కపక్కన పెట్టిన ఒక్క పేజీ పట్టిక, ఫోటోలు, మ్యాపు, ఇవి జతచేసి సంబంధిత అధికారులకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. గొట్టాన్ని మీరే మూసేయకండి. మురుగు వెనక్కి తన్ని ఎవరింట్లోనో పొంగుతుంది, తప్పు మీ మీదికి వస్తుంది.

ఒడ్డు నిలబెట్టడం

ఒడ్డు పైనుంచి కూలుతున్నట్టు కనిపిస్తుంది గానీ నిజానికి అడుగునుంచి తెగుతుంది. నీరు పాదాన్ని తొలిస్తే పై మట్టి బరువుకు విరిగి పడుతుంది. పైన మొక్కలు నాటితే మట్టితోపాటు అవీ ఏట్లో పడతాయి. ముందు పాదం దగ్గర రాళ్ళో, కట్టలు కట్టి మేకులు దిగ్గొట్టిన కొమ్మలో వేయండి. తర్వాత ఒడ్డును ఒక మీటరు ఎత్తుకు రెండు మీటర్ల వాలు వచ్చేలా చెక్కండి. నిటారుగా ఉన్నదాని మీద ఏదీ నిలవదు. ఏటిలో దిగి చేసే ఇలాంటి పనికి అనుమతి ముందే తీసుకోవాలి.

కొమ్మ గుచ్చితే వేరుపట్టే స్థానిక చెట్లుంటే అవే మేలు. కొత్త చిగుళ్ళు రాకముందు, 2 నుంచి 4 సెంటీమీటర్ల మందం, 60 నుంచి 90 సెంటీమీటర్ల పొడవున్న కొమ్మలు కోయండి. కిందికొనను ఏటవాలుగా, పైకొనను బల్లపరుపుగా కోస్తే తలకిందులయ్యే భయం ఉండదు. ఒక రోజంతా నీటిలో నానబెట్టి మర్నాడే నాటండి. గునపంతో ముందు కన్నం చేసి, మూడొంతులు నేలలోకి, ఒక వంతు పైకి ఉంచాలి. కింది కొన ఎండాకాలంలోనూ తడి తగిలే లోతుకు దిగాలి. కొమ్మ చుట్టూ గాలి సందు మిగిలితే వేరు రాకముందే ఎండిపోతుంది, అందుకని నీరు పోసి మట్టిని కాలితో గట్టిగా తొక్కండి. సుత్తిదెబ్బకు పైకొన చీలితే ఆ ముక్క కోసేయండి.

గడ్డి కావాలంటే వట్టివేరు. పిలకలను 15 సెంటీమీటర్లకొకటి చొప్పున, వాలుకు అడ్డంగా వరస కట్టండి. దాని వేళ్ళు పక్కలకు కాక నిలువునా, మూడు మీటర్ల దాకా దిగుతాయి. కానీ నీడ ఉంటే సరిగా పెరగదు. ఏది నాటినా పెద్ద వరద కాలం దాటి, నేలలో తడి ఉన్నప్పుడే నాటండి. పశువులు రాకుండా రెండేళ్ళు కంచె ఉండాలి. మొక్కలు చావడానికి నీళ్ళు లేకపోవడంతోపాటు ఈ కంచె లేకపోవడమే పెద్ద కారణం.

ఇప్పుడు చెత్త

వాన తర్వాత రెండు రోజులు ఏట్లోకి దిగకండి. బూట్లు, మందపాటి చేతితొడుగులు తప్పనిసరి. చిన్న గాయమున్నా కప్పాలి, ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు ఆ దారిన సోకవచ్చు. మోకాలికి మించిన నీటిలోకి ఎవరూ దిగకూడదు. తీసిన చెత్తను రకాలవారీగా తూకం వేయండి. ఏ రకం ఎక్కువగా వస్తోందో తెలిస్తేనే ఎవరితో మాట్లాడాలో తెలుస్తుంది. పడిన చెట్టుమాను చెత్త కాదు, చేపలకు నీడా ఇల్లూ అదే. వంతెనకు అడ్డం పడితే తప్ప కదపకండి.

గుర్రపుడెక్కను పూత రాకముందే, ఎగువనుంచి మొదలుపెట్టి తీయండి. దాని విత్తనం బురదలో 15 ఏళ్ళకు పైగా బతుకుతుంది. తీసినదాన్ని నీటి అంచున వదిలితే తర్వాతి వరద మళ్ళీ ఏట్లో వేస్తుంది, మోసి దూరంగా పోయాల్సిందే.

ఏడాది తర్వాత అదే నెలలో, అవే చోట్ల, అదే వలతో మళ్ళీ మూడు నిమిషాలు రాళ్ళు కదిలించండి. గొట్టానికి దిగువన ట్రేలో ఎర్ర పురుగుల మధ్య ఒక్క క్యాడిస్ గూడు కదిలినా ఆ రోజు తేదీతో సహా పుస్తకంలో రాయండి.