హోటల్ బేకన్ మీద ఆశ పెట్టుకోకండి

బయట బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసపు పల్చటి ముక్కలు) ఆర్డర్ చేస్తే చాలాసార్లు వచ్చేది ఒకటే: పాలిపోయి, తడిగుడ్డలా వేలాడే ముక్క. కొవ్వు కరగనే కరగదు, నమిలితే రబ్బరు. చాలాచోట్ల ముందే సగం వండి పెట్టుకుని, అడిగినప్పుడు వేడిచేసి ఇస్తారు మరి. అందుకే ఆర్డర్ చెప్పేటప్పుడే "బాగా కరకరలాడాలి" అని గట్టిగా చెప్పండి. మొహమాటపడితే మెత్తటిదే గతి.

ఇంట్లో అయితే పెనం వేడెక్కాక వెయ్యకండి. చల్లటి పెనం మీదే ముక్కలు పరిచి, అప్పుడు సన్నటి మంట పెట్టండి. నూనె అక్కర్లేదు. కొవ్వు మెల్లగా కరిగి, అందులోనే ముక్క వేగుతుంది. చిటపటలు తగ్గి, సన్నటి నురగ కట్టిందంటే దాదాపు అయిపోయినట్టే. ఇంకాస్త వేగాలి అనిపిస్తుండగానే తీసెయ్యండి, చల్లారేకొద్దీ అదే గట్టిపడుతుంది. ఎక్కువమందికైతే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు, మందాన్ని బట్టి.

నాకు మాత్రం అంచులు కరకరలాడుతూ మధ్యలో కాస్త సాగాలి. పొడిపొడిగా విరిగిపోయేదాన్ని అప్పడం అంటాను నేను. మా ఇంట్లో అదే ఇష్టపడేవాళ్లూ ఉన్నారు, వాళ్ల ముక్కలు ఇంకో రెండు నిమిషాలు పెనం మీదే ఉంచుతాను.