పొయ్యి కట్టేశాక నీళ్లు మరిగించడం ఎలా

అంతరిక్ష నౌకకి కన్నం పడితే శూన్యం మనుషుల్ని లాగేసుకుంటుందని చాలామంది అనుకుంటారు. శూన్యానికి లాగే బలమంటూ ఏమీ లేదండీ, తోసేదంతా ఇటువైపున్న గాలే. పిల్లలకి ఇది నోటితో చెబితే ఎక్కదు, చేతికి తెలియాలి. మందుల షాపులో 20 మిల్లీలీటర్ల సిరంజీ ఒకటి తీసుకోండి, సూది వద్దనండి.

ముందు నీళ్లు బాగా మరగనిచ్చి దించండి. ఈ పని మానొద్దు, ఎందుకంటే మామూలు నీళ్లలో గాలి కరిగి ఉంటుంది, ఆ గాలే బుడగలుగా వచ్చినా మనం మరిగాయనే అనుకుంటాం. 50, 60 డిగ్రీలకి చల్లారాక సిరంజీలో పావు వంతు నింపి (ఇది పెద్దవాళ్లే చెయ్యాలి, చెయ్యి కాలుతుంది), ముక్కు పైకి పెట్టి లోపలి గాలంతా నెట్టేసి, బొటనవేలితో గట్టిగా మూసి, వెనక పిడిని లాగండి. నీళ్లు బుడబుడా మరుగుతాయి! వేడి పెరగలేదు, పైనున్న ఒత్తిడి తగ్గిందంతే. పిడి వదిలితే దానంతటదే టక్కున లోపలికి పోతుంది. బయటి గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు కిలో బరువంత నొక్కుతోంది మరి, ఈ సిరంజీ లాగడమంటే మూడు కిలోల దాకా ఎత్తినట్టే.

ఇంకాస్త ఓపికుంటే ఫోన్‌లో గాలి ఒత్తిడి కొలిచే బారోమీటర్ యాప్ వేసుకోండి. సెన్సర్ అన్ని ఫోన్లలో ఉండదు, చూసుకోండి. మన విశాఖ ఆర్కే బీచ్‌లో రీడింగ్ రాసుకుని వెంటనే కైలాసగిరి ఎక్కితే సుమారు 20 హెక్టోపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే లెక్క) తగ్గుతుంది, లెక్కగా చెప్పాలంటే ప్రతి 8 మీటర్లకీ ఒకటి చొప్పున. అరకు దాకా వెళ్తే దాదాపు 100 తగ్గుతుంది, అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రెండు రీడింగులూ ఒకే పూట తీసుకోవాలి, వాతావరణం మారితే కొండెక్కకుండానే అంకె మారిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన ఊరి మీదికి వచ్చినప్పుడు తుపాను కేంద్రంలో ఒత్తిడి 950 హెక్టోపాస్కల్స్, మామూలుగా సముద్రమట్టంలో 1013 ఉంటుంది, అంటే ఒడ్డున కూర్చున్నచోటే 500 మీటర్ల కొండెక్కినంత తేడా అన్నమాట.

మరి పైన అంతా శూన్యమే అయితే మన గాలి ఎగిరిపోదేం అంటారా? భూమి పట్టి ఉంచుతోంది కాబట్టి. కానీ గాలి అయిపోయే గీత అంటూ ఎక్కడా ఉండదు, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది, అంతే. ఐదున్నర కిలోమీటర్ల దగ్గర ఒత్తిడి సగానికి పడిపోతుంది. 19 కిలోమీటర్ల దగ్గర అయితే నీళ్లు మన ఒంటి వేడికే మరిగిపోతాయి.

సిరంజీ చూశాక పిల్లలు ఎలాగూ అడుగుతారు, అక్కడ మన రక్తం మరిగిపోతుందా అని. రక్తం నాళాల్లో మూసి ఉంటుంది కాబట్టి ఆ ఒత్తిడి దాన్ని వెంటనే మరగనివ్వదు. నోట్లో తడికి మాత్రం ఆ రక్షణ లేదు. 1966లో నాసా శూన్యపు గదిలో స్పేస్‌సూట్ పరీక్షిస్తుంటే జిమ్ లెబ్లాంక్ అనే టెక్నీషియన్‌కి గాలి గొట్టం ఊడిపోయింది, 14 సెకన్లలోనే స్పృహ తప్పింది. గబగబా గదిలోకి గాలి వదిలారు, బతికి బయటపడ్డాడు. స్పృహ తప్పేముందు ఆఖరున తనకి తెలిసింది నాలుక మీద ఉమ్మి బుడగలు రావడమేనని తర్వాత చెప్పాడు.