వాల్వు రేడియో దొరికిందా? ముందు ప్లగ్గులో పెట్టకండి

ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, పాత ఇంటి అటక మీదో ఒక మర్ఫీ, ఫిలిప్స్ లేదా నేషనల్ ఎకో సెట్టు, అంటే ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులతో నడిచే పాత రేడియో, దొరికితే వెంటనే ఆన్ చేసి చూడాలనిపిస్తుంది. బాగుపడాల్సిన సెట్లు చాలావరకు పాడయ్యేది అప్పుడే. ఏళ్ల తరబడి మూలన పడున్న సెట్టులో వాల్వులు తరచుగా బాగానే ఉంటాయి, చెడిపోయేవి కెపాసిటర్లు (విద్యుత్తును కాసేపు నిలవ ఉంచే చిన్న భాగాలు). వాటిని మార్చకుండా 230 వోల్టులు ఇస్తే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. అమ్మే మనిషి ‘ఇప్పుడే పాడించి చూపిస్తా’ అన్నా వద్దనండి.

కొనే ముందు వెనక అట్ట తీయించి చూడండి. వాల్వు గాజు లోపల వెండిలా మెరిసే మచ్చ ఉండాలి. అది పాలలా తెల్లబడితే లోపలికి గాలి చొరబడినట్టే, ఆ వాల్వు పనికిరాదు. అయినా ఒక వాల్వు పోయిందని సెట్టు వదులుకోనక్కర్లేదు. ఈఎల్84 (స్పీకరును నడిపే అవుట్‌పుట్ వాల్వు) లాంటివి గిటార్ ఆంప్లిఫయర్ల కోసం ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ చేసిన బీఈఎల్ ముద్ర వాల్వులు పాత సామాను కొట్లలో కనిపిస్తుంటాయి. పగిలిన డయల్ గాజు, చెద తిన్న పెట్టె ఉన్న సెట్టు మాత్రం తీసుకోకండి. ఆ గాజుకు బదులు దొరకడం చాలా కష్టం.

తర్వాత తేల్చుకోవాల్సింది అది ఏసీ కరెంటుతోనే నడిచే ఏసీ సెట్టా, ఏసీ, డీసీ రెండిటితోనూ నడిచే ఏసీ/డీసీ సెట్టా అన్నది. ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈఎల్84, ఈజెడ్80 అంటూ వాల్వుల పేర్లు ‘ఈ’తో మొదలై, బరువైన మెయిన్స్ (ఇంటి కరెంటు) ట్రాన్స్‌ఫార్మరు ఉంటే అది ఏసీ సెట్టు. యూసీహెచ్81, యూసీఎల్82, యూవై85 అని ‘యూ’తో మొదలైతే ఏసీ/డీసీ. ఇందులో ఛాసిస్ (భాగాలన్నీ బిగించిన లోపలి లోహపు చట్రం) నేరుగా కరెంటు తీగకే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగబడితే ఛాసిస్ మొత్తం ఫేజు మీదే ఉంటుంది. నాబ్ ఊడిన చోట ఇరుసు ముట్టుకున్నా షాకే. సెట్టును ఇంటి కరెంటు నుంచి విడిగా ఉంచే 100 వీఏ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా ఈ సెట్టు మీద పని చేయవద్దు, దాని ఛాసిస్‌కు ఎర్తు కలపవద్దు. మొదటిసారి నేర్చుకునేవాళ్లు ఏసీ సెట్టే ఎంచుకోవాలని మా గట్టి సలహా.

ఇక ఏసీ సెట్టు పని. పొడిపొడిగా రాలే రబ్బరు వైరు తీసేసి మూడు తీగల వైరు వేసి, ఎర్తును ఛాసిస్‌కు బిగించండి. 500 మిల్లీఆంపియర్ల స్లో-బ్లో ఫ్యూజు పెట్టండి. వెనకున్న వోల్టేజి సెలెక్టరును అన్నిటికంటే పై అంకెకు తిప్పండి.

అన్నిటికంటే ముందు మార్చాల్సిన కెపాసిటరు ఒకటుంది. అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు (వాల్వులో కరెంటును అదుపు చేసే భాగం), అంటే ఈఎల్84లో 2వ పిన్నుకు, ముందు దశ నుంచి వచ్చేది. విలువ సాధారణంగా 0.01 లేదా 0.02 మైక్రోఫారడ్. మైనం పూసిన కాగితం కెపాసిటరులో తేమ చేరి లీకైతే గ్రిడ్ మీద ప్లస్ వోల్టేజి పడుతుంది. వాల్వు మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు లాగి, లోపలి రేకు ఎర్రగా కాలి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరును కూడా తీసుకుపోతుంది. అదే విలువగల 630 వోల్టుల ఫిల్మ్ కెపాసిటరు వేయండి. కోఠి గుజరాతీ గల్లీలో కొద్ది రూపాయలకే వస్తుంది. మిగతా కాగితం కెపాసిటర్లనూ మార్చండి. మెయిన్స్ రెండు తీగల మధ్య ఉన్నదానికి మాత్రం తప్పకుండా ఎక్స్2 రకమే (మెయిన్స్ మీద వాడటానికే చేసినది) వాడాలి.

ఫిల్టరు డబ్బాను (డీసీని నునుపు చేసే పెద్ద కెపాసిటర్లున్న రేకు డబ్బా) ఛాసిస్ మీద అలాగే ఉంచి, తీగలు విడదీసి, కింద కొత్తవి 450 వోల్టులవి పెడితే సెట్టు రూపు చెడదు. విలువ పాతదానికి దగ్గరగా ఉండాలి. ఎక్కువైతే మంచిదనుకోకండి: ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు వాల్వు ఈజెడ్80 తర్వాతి మొదటి కెపాసిటరు 50 మైక్రోఫారడ్ దాటితే ఆ వాల్వే దెబ్బతింటుంది.

ఇప్పుడు 60 వాట్ల ఫిలమెంటు బల్బును సిరీస్‌లో, అంటే సెట్టుకు వెళ్లే కరెంటు ఆ బల్బు గుండానే వెళ్లేలా, పెట్టి కరెంటు ఇవ్వండి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు మొదట వెలిగి మసకబారితే సరే. ప్రకాశంగానే నిలిచిపోతే ఎక్కడో షార్టుంది, వెంటనే తీసేయండి. అంతా బాగుంటే బల్బు తీసి నేరుగా ఇచ్చి, నిమిషం ఆగి మీటరుతో కొలవండి. ఈఎల్84 2వ పిన్ను మీద సున్నా, 3వ పిన్ను మీద సుమారు 7 వోల్టులు రావాలి. 2వ పిన్ను మీద ఒక వోల్టు ప్లస్ కనిపించినా ఆపేయండి. కొలిచేటప్పుడు ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోండి. ఆపాక కూడా ఫిల్టరులో 250 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు, 10 కిలోఓమ్‌ల 5 వాట్ల రెసిస్టరుతో డిశ్చార్జి చేసి మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

డయల్ గాజు వెనక్కి నీళ్లుగానీ స్పిరిటుగానీ తగలనివ్వకండి, స్టేషన్ల పేర్లు చెరిగిపోతాయి. మెత్తటి పొడి బ్రష్షు చాలు. లోపల బ్లూటూత్ బోర్డు పెట్టించేవాళ్లున్నారు, అది ఆ సెట్టుకు అన్యాయం. ఏసీ సెట్టు వెనక గ్రామఫోను సాకెట్లుంటే ఫోను నుంచి పాటలు వాటికే ఇవ్వొచ్చు, ఏమీ కోయనక్కర్లేదు. ఏసీ/డీసీ సెట్టుకు మాత్రం ఫోను కలపవద్దు.

ఏరియల్‌కు 5 నుంచి 10 మీటర్ల తీగ కిటికీ బయటికి కట్టండి. ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు ఆపితే గరగర చాలావరకు తగ్గుతుంది. డయల్ మీద మీటర్లే ఉంటే 300000ను కిలోహెర్ట్జ్‌తో భాగించండి: ఆకాశవాణి విజయవాడ 837 కిలోహెర్ట్జ్ అంటే 358 మీటర్లు, హైదరాబాద్ ఎ 738 అంటే 406.5. ముల్లు అక్కడికి కాస్త అటూఇటుగా ఆగితే చాలు, ఐఎఫ్ కాయిళ్ల (ఫ్యాక్టరీలో సరిచేసి పెట్టిన లోపలి ట్యూనింగ్ కాయిళ్ల) స్క్రూలు తిప్పకండి.