సొరంగ నిర్మాణం నేర్చుకుందాం – 4: కోర్ ముక్కల నుంచి ఆర్‌క్యూడీ

కిందటి పాఠంలో రాతిలోని జాయింట్లను, అంటే సహజమైన పగుళ్లను, గుంపులుగా గుర్తించాం. ఈసారి డ్రిల్లింగ్‌లో పైకి వచ్చిన కోర్‌ను, అంటే గుండ్రటి రాతి కడ్డీని, కొలిచి ఆర్‌క్యూడీ, అంటే రాతి నాణ్యతా శాతం, లెక్క కడదాం. 1960లలో డాన్ డీర్ రూపొందించిన పద్ధతి ఇది.

కోనసీమలో బోరు వేస్తే వచ్చేది ఇసుక, బంకమన్నే. రాయి చూడాలంటే రాజమహేంద్రవరం పక్కన కాతేరు బసాల్టు దగ్గరికో, గోదావరి కొండలు దాటి బయటపడే పోలవరం వైపుకో వెళ్లాలి. డెల్టాలో చదివే విద్యార్థి ఒక్కసారైనా ఆ రాతిని చేత్తో తాకి చూడాలని నా కోరిక.

లెక్క ఇది: 10 సెంటీమీటర్లు, అంతకు మించిన ముక్కల పొడవులన్నీ కూడండి. డ్రిల్ చేసిన మొత్తం పొడవుతో భాగించి 100తో హెచ్చించండి. దొరికిన కోర్ పొడవుతో భాగించకూడదు. ముక్కను మధ్యరేఖ వెంట కొలవాలి.

100 సెంటీమీటర్ల డ్రిల్లింగ్‌లో వరుసగా 26, 8, 5, 19, 7, 24 సెంటీమీటర్ల ముక్కలు వచ్చాయనుకుందాం. దొరికిన కోర్ 89. లెక్కకు వచ్చేవి 26, 19, 24. ఆర్‌క్యూడీ 69 శాతం. డీర్ పట్టికలో 50–75 మధ్యస్థం, 75–90 మంచిది. కనుక ఇది మధ్యస్థం.

ఇప్పుడు 8, 5 ముక్కల మధ్య పగులును దగ్గరగా చూడండి. అంచులు తాజాగా, గరుకుగా ఉండి, రంగు మారకుండా, రెండు ముక్కలూ చక్కగా అతుక్కుంటే అది డ్రిల్లింగ్‌లో విరిగిన చోటు. దాన్ని లేనట్టే తీసుకోవాలి. ముక్క 13 అవుతుంది, ఆర్‌క్యూడీ 82కు చేరుతుంది, రాయి ‘మంచిది’ వర్గంలోకి వస్తుంది. తుప్పు మరకో, మట్టి పొరో కనిపిస్తే అది సహజమైన జాయింటే. 69 దగ్గరే ఆగాలి. సొరంగానికి ఎంత ఆధారం కట్టాలో తేల్చే లెక్కలోకి ఈ అంకె వెళుతుంది కాబట్టి, టేపు కంటే ముందు భూతద్దం తీయండి.

ఈ పద్ధతికి పెద్ద లోపం ఒకటుంది. ముక్కలన్నీ 11 సెంటీమీటర్లయితే, కోర్ పూర్తిగా దొరికితే, 100 శాతం. అన్నీ 9 అయితే సున్నా. జాయింట్లలో బంకమన్ను ఉందో లేదో కూడా ఇది చెప్పదు. అందుకే బీనియావ్‌స్కీ 1973లో, బార్టన్ బృందం 1974లో తమ రాతి వర్గీకరణ పద్ధతుల్లో దీన్ని ఒక భాగంగానే తీసుకున్నారు.

అభ్యాసం: 150 సెంటీమీటర్ల డ్రిల్లింగ్‌లో 31, 9, 14, 6, 7, 40, 12 ముక్కలు వచ్చాయి. 6, 7 మధ్య పగులు తాజాది. ఆర్‌క్యూడీ ఎంత? (జవాబు: 73 శాతం, మధ్యస్థం.)

వచ్చే పాఠంలో బార్టన్ బృందం వర్గీకరణలోని క్యూ విలువ.