విశాఖలో మేడ మీద సోలార్: ముందు స్టాండు సంగతి చూడండి

ప్రపంచం మొత్తం మీద సోలార్ సామర్థ్యం 2022లో వెయ్యి గిగావాట్లు దాటింది. మరో రెండేళ్లకే రెండు వేలూ దాటింది. ప్యానెళ్ల ధర మధ్యతరగతికి అందేలా దిగింది ఆ ఊపులోనే. మన దగ్గరా సింహాద్రి ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్ల మీద 25 మెగావాట్లు, ముడసర్లోవలో 2 మెగావాట్లు తేలుతున్నాయి. ఇంటి మేడకు 3 కిలోవాట్లు పెట్టించేవాళ్లు మాత్రం ప్యానెల్ ఏ కంపెనీది అని అడిగి ఊరుకుంటారు. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో అంతకంటే ముందు అడగాల్సింది ఆ ప్యానెళ్లను మోసే స్టాండు గురించి.

3 కిలోవాట్లకు 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, నీడ పడని చోటు 300 చదరపు అడుగులు కావాలి. ముఖం దక్షిణానికి, వాలు 15 డిగ్రీల దగ్గర ఉంచండి. వాలు పెంచితే గాలి పట్టే ఎత్తూ పెరుగుతుంది. వాటర్ ట్యాంకు, మెట్లగది నీడ ఎంతదాకా వస్తుందో డిసెంబరు ఎండకు లెక్కగట్టాలి. నీడ అప్పుడే పొడవు.

ఇక గాలి. కట్టడాల మీద పడే బరువులకు మన దేశం పెట్టిన ఐఎస్ 875 ప్రమాణం విశాఖకు సెకనుకు 50 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోమంటుంది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దాదాపు ఆ వేగంతోనే తీరం దాటింది. ఆ గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. ఆరు ప్యానెళ్ల మీద కలిపి రెండు టన్నులు దాటుతుంది. అదంతా పైకి లేపే బలం కాదు గానీ, ఎదురుగా మనం పెట్టే బరువెంతో చూడండి: ప్యానెళ్లు 170 కిలోలు, అడుగు ఘనం కాంక్రీటు దిమ్మలు ఎనిమిది పెట్టినా 550 కిలోలు. ఊరికే దిమ్మలు పేర్చి స్టాండు నిలబెడతామనే వాళ్లకు పని అప్పగించకండి.

స్టాండు కాళ్లు దూలాల మీద పడేలా గీత గీయించండి. 12 మిల్లీమీటర్ల కెమికల్ యాంకరుకు (రెసిన్ అనే జిగురుతో కాంక్రీటులో అతికించే బోల్టు) సుమారు 110 మిల్లీమీటర్ల లోతు కావాలి. 5 అంగుళాల స్లాబులో అంత లోతు తొలిస్తే అడుగున పెచ్చులూడతాయి. తొలిచిన రంధ్రంలో గాలి ఊది, బ్రష్‌తో రుద్ది, మళ్లీ గాలి ఊదాలి. దుమ్ము మిగిలితే రెసిన్ కాంక్రీటును వదిలేసి ఆ దుమ్మును పట్టుకుంటుంది, గాలికి బోల్టు ఊడి వస్తుంది. చాలాచోట్ల ఎగ్గొట్టేది ఈ పనే. దగ్గరుండి చూసుకోండి. బిగించాక బేస్‌ప్లేటు చుట్టూ కాంక్రీటు పోసి, నీరు నిలవకుండా వాలు తీసి, వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి.

ఉప్పుగాలికి స్టాండు ఉక్కు మీద హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి వేసే పూత) 80 మైక్రాన్ల మందం ఉండాలి. కోతలు, వెల్డింగ్, రంధ్రాలు అన్నీ ఆ పూతకు ముందే అయిపోవాలి. మేడ మీదే కోస్తే ఆ అంచు నుంచే తుప్పు మొదలవుతుంది. తప్పనిసరై కోసిన చోట వెంటనే జింక్ పెయింటు వేయించండి. పెదవాల్తేరు, రుషికొండ లాంటి చోట్ల బోల్టులు 316 స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. 304 రకానికి ఉప్పు తగిలితే మచ్చలు పడతాయి. ప్యానెల్‌కు ఐఈసీ 61701 ఉప్పుతేమ పరీక్ష సర్టిఫికెట్ అడగండి. ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీగా మార్చే ఇన్వర్టరును సముద్రపు గాలి నేరుగా కొట్టని గోడకు, నీడలో పెట్టించండి.

ఎర్తింగ్ గుంటలు మూడు: పిడుగు నిరోధకానికి, డీసీకి, ఏసీకి వేర్వేరుగా. ప్యానెళ్ల వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి కాకపోతే అతుకు వేడెక్కి కాలిపోతుంది.

కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. అందుకు సెల్స్ కూడా మన దేశంలో తయారైన డీసీఆర్ ప్యానెళ్లే వాడాలి. రోజుకు సగటున 12 యూనిట్లు వస్తాయి. పోర్టు, గాజువాక వైపు దుమ్ము ఎక్కువ. పదిహేను రోజులకోసారి ఎండ ఎక్కకముందే కడగండి. బోరునీళ్లు ఆరితే తెల్లటి పొర కడుతుంది, మెత్తటి నీళ్లు వాడండి.

ఒకటి ముందే తెలుసుకోండి: లైన్‌లో కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరూ (బ్యాటరీ లేకుండా కరెంటు లైన్‌కు కలిపేది) ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా చేసిన ఏర్పాటు అది. తుపాను తర్వాత కూడా దీపం వెలగాలంటే బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలి.

తుపాను హెచ్చరిక రాగానే ప్యానెళ్లను స్టాండుకు పట్టి ఉంచే క్లాంపులన్నీ బిగువు చూసి, ముందు ఏసీ, తర్వాత డీసీ స్విచ్చు ఆపండి. గాలి తగ్గాక ప్యానెల్ పగిలినా, వైరు తెగినా ముట్టుకోకుండా టెక్నీషియన్‌ను పిలవండి. స్విచ్చు ఆపినా వెలుతురున్నంతసేపూ ప్యానెళ్ల వైపు వైరులో దాదాపు 300 వోల్టుల డీసీ ఉంటుంది.