అద్దె ఫ్లాట్ మీద లోన్ తీసి ఉమ్మడి బిల్డింగ్‌లో వాటా కొనడం ఎలా?

నాన్నగారు కట్టిన మూడంతస్తుల బిల్డింగ్, ముగ్గురు వారసులు, అమెరికాలో ఉన్న తమ్ముడేమో నా వాటా అమ్మేస్తా అంటున్నాడు, బయటోళ్ళకి పోవడం మీకు ఇష్టం లేదు, చేతిలో అంత డబ్బు లేదు గానీ మియాపూర్‌లో అద్దెకిచ్చిన ఫ్లాట్ ఒకటుంది. విడగొట్టని వాటా మీద బ్యాంకులు దాదాపుగా లోన్ ఇవ్వవు, రేపు వేలం వేయాలంటే వాళ్ళకి తలనొప్పి. కాబట్టి తాకట్టు పెట్టాల్సింది ఫ్లాటే.

అయితే బ్యాంకు కంటే ముందు ఇంట్లో లెక్క తేలాలి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి. నాన్న వీలునామా రాయకుండా పోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో పాటు అమ్మకీ, కూతుళ్ళకీ సమాన వాటా. "చెల్లికి అప్పుడే కట్నం ఇచ్చేశాం కదా" అనే మాట కాయితం మీద నిలబడదు, అందరూ సంతకం పెడతారని తేలాకే అడ్వాన్స్ ఇవ్వండి. ధర కూడా వాల్యూయర్‌తో కట్టించుకుంటే మేలు, పండక్కి కలిసినప్పుడు మాటల్లో తేల్చుకున్న రేటు తర్వాత గొడవే.

ఇప్పుడు లోన్. ఫ్లాట్ మీద పాత హోమ్ లోన్ నడుస్తుంటే అదే బ్యాంకులో టాప్-అప్ (ఉన్న లోన్ మీదే అదనంగా ఇచ్చే లోన్) అడగండి, మామూలుగా మార్టిగేజ్ లోన్ (ఆస్తి తాకట్టు మీద ఇచ్చే లోన్) కంటే వడ్డీ తక్కువ పడుతుంది. అక్కడ కుదరకపోతే పాత లోన్‌ని వేరే బ్యాంకుకి మార్చి మార్టిగేజ్ లోన్ తీసుకోవచ్చు. ఉదాహరణకి ఫ్లాట్ విలువ 80 లక్షలు, బ్యాంకు 60 శాతం ఇస్తే 48 లక్షలు, అందులో పాత బాకీ 12 పోతే మీ చేతికి 36. మొత్తం 48 లక్షలకీ పది శాతం వడ్డీకి 15 ఏళ్ళయితే ఈఎంఐ 51,600 దాకా, అద్దె 24 వేలే అనుకోండి, మిగతా 27 వేల పైచిలుకు ప్రతి నెలా జీతంలోంచి పెట్టాలి, ఫ్లాట్ రెండు నెలలు ఖాళీగా ఉంటే ఆ రెండు నెలలూ మొత్తం మీ మీదే. ఇది కష్టమనిపిస్తే తక్కువ వాటా కొనండి, లేదా తమ్ముణ్ణి విడతలకి ఒప్పించండి.

పాత బాకీ తీరాక ఒరిజినల్ పత్రాలు 30 రోజుల్లో ఇవ్వాలన్నది ఆర్బీఐ రూల్, బ్యాంకు తప్పు వల్ల లేటయితే రోజుకి 5 వేలు వాళ్ళే కట్టాలి.

తమ్ముడు ఎన్ఆర్ఐ కాబట్టి టీడీఎస్ (కొనేవాళ్ళు ధరలోంచి ముందే కట్ చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) విషయం జాగ్రత్త. 50 లక్షల లోపయితే టీడీఎస్ లేదనే రూల్ ఆయనకి వర్తించదు. తక్కువ టీడీఎస్ కోసం ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ దగ్గర ఆయన ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, లేకపోతే లాభం మీద కాకుండా మొత్తం ధర మీద కట్ చేయాల్సొస్తుంది. ఆయన రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున సంతకం పెట్టడానికి ఇంకొకరికి ఇచ్చే అధికార పత్రం) కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాలి, ఇక్కడికొచ్చాక 3 నెలల్లోపు స్టాంపింగ్ చేయించాలి.

రిలీజ్ డీడా (వాటాదారు తన హక్కు వదులుకునే పత్రం) సేల్ డీడా (అమ్మకం పత్రం) అన్నది లాయర్‌ని అడగండి, రెండిటికీ స్టాంప్ డ్యూటీ తేడా ఉంటుంది. డబ్బంతా బ్యాంకు ద్వారానే పంపండి. ఇంకోటి, చాలామంది పొరబడేది: ఫ్లాట్ తాకట్టు పెట్టాం కదా అని ఈ కొత్త లోన్ వడ్డీని దాని అద్దెలోంచి తీసేసి చూపించడం కుదరదు, డబ్బు దేనికి వాడారో దానికే ఆ వడ్డీ లెక్క.

రిజిస్ట్రేషన్ అయ్యాక మున్సిపాలిటీలో మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) చేయించి, బోరు మోటార్ కరెంటు బిల్లు, డాబా, పార్కింగ్ ఎవరెవరివో మిగతా వాటాదారులతో ఒక కాయితం మీద రాసుకుని సంతకాలు పెట్టించండి.